బుడగల బొమ్మలకూ ఒకే హోల్డర్ కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. నుమాయిష్ రోజుల్లో మీ పేపర్లో ఒక ఫొటో తప్పకుండా వస్తుంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో చీకటి పడ్డాక రంగురంగుల లైట్లు వెలిగే తుపాకీతో బుడగలు వదులుతున్న పిల్లలు, ఆ బుడగల వెంట పరుగెత్తే ఇంకా చిన్న పిల్లలు. ఆ బొమ్మ ఇంకా బాగా తయారు కావాలనీ, అందుకు కావలసిన పనితనం మన దగ్గరే ఉందనీ చెప్పడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను డై మేకర్‌ని, అంటే వస్తువులు పోత పోసే అచ్చులు (మౌల్డులు) చేసేవాణ్ణి. మాది అనకాపల్లి వైపు ఊరు. బాలానగర్‌లో 1968లో మొదలైన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్‌లో పని నేర్చుకుని, ఆ చుట్టుపక్కల టూల్‌రూముల్లోనే ఉద్యోగమంతా చేశాను. స్విచ్ బోర్డులు, మిక్సీ జార్ల మూతలు, టిఫిన్ డబ్బాలు, ఇలా ఇంట్లో చేతికి తగిలే ప్లాస్టిక్ వస్తువులకు మౌల్డులు చేసిన చెయ్యి నాది. రిటైరయ్యాక నేనూ, ఎలక్ట్రానిక్స్ తెలిసిన మిత్రుడొకాయనా కలిసి లైట్లు వెలిగే బుడగల బొమ్మ డిజైన్ చేస్తున్నాం. హ్యాండిల్ ఒకటే. ముందు భాగాలు మాత్రం పిల్లలే మార్చుకుంటారు. వాటిని మేము తలలు అంటున్నాం.

ఈ పనిలోంచి నాకు గట్టిగా అనిపించింది ఒక్కటే. తల బిగించే జాయింటు అన్ని కంపెనీల బొమ్మలకూ ఒకే కొలతలో ఉండాలి. మన ఇళ్ళలో పిన్ బల్బు హోల్డర్ చూడండి. 22 మిల్లీమీటర్లు. ఏ కంపెనీ బల్బు తెచ్చినా, తాతల నాటి హోల్డర్ అయినా, నొక్కి తిప్పితే కూర్చుంటుంది. బల్బు పోయిందని హోల్డర్ పీకి పారేసేవాళ్ళు లేరు. బుడగల బొమ్మలో మాత్రం ముందున్న రింగు విరిగితే చాలు, మోటారు, లైట్లు, సెల్లు అన్నీ బాగున్నా మొత్తం బొమ్మ చెత్తబుట్టలోకి పోతోంది. ఇంకో రింగు కొందామంటే దొరకదు. దొరికినా పట్టదు.

బజారులో దొరికే తుపాకీ ఒకటి విప్పి చూస్తే లోపల పెద్దగా ఏమీ ఉండదు. మూడు పెన్సిల్ సెల్లు, అంటే నాలుగున్నర వోల్టులు. బొటనవేలంత డీసీ మోటారు. దానికో చిన్న ఫ్యాను. అదే మోటారు పళ్ళచక్రాల మీదుగా రెండు మూడు రోలర్లను తిప్పుతుంది, అవి మెత్తటి ట్యూబును నొక్కుతూ సబ్బునీళ్ళను ముందుకు తోస్తాయి. ఇంత చిన్న ఏర్పాటు గాలినీ నీళ్ళనూ రెండింటినీ సరిపెట్టడం మెచ్చుకోవాల్సిందే. లోపం ఎక్కడంటే, రింగు మీంచి కారిన సబ్బునీళ్ళు తిరిగి సీసాలోకి వెళ్ళే దారి సరిగా ఉండదు. కొంత బాడీ లోపలికి కారుతుంది. సెల్లు కూర్చునే చోట రేకులకు పచ్చటి చిలుము పడుతుంది. వారం తిరగకుండా లైటు మినుకు మినుకుమంటుంది, తరువాత అదీ ఉండదు. ఇంట్లోవాళ్ళు సెల్లు అయిపోయాయనుకుని కొత్తవి వేస్తారు. పనిచేయదు. పిల్లవాడు ఏడుస్తాడు.

అందుకని మేము మొదట పెట్టుకున్న నియమం, తలలో కరెంటు ఉండకూడదు. మోటారు, సెల్లు, ఎల్ఈడీలు అన్నీ హ్యాండిల్లోనే, రబ్బరు వాషరు వేసి మూసిన గదిలో ఉంటాయి. తల వట్టి ప్లాస్టిక్కే. మరి తలకి వెలుగు ఎలా వస్తుంది? హ్యాండిల్ పైకప్పు పారదర్శకంగా ఉంటుంది, తలలో అక్రిలిక్ కడ్డీ ఉంటుంది. కింద ఎల్ఈడీ వెలిగితే ఆ వెలుగు కడ్డీ గోడలకు తగిలి లోపలికే మళ్ళుతూ పైదాకా పాకి రింగు అంచున బయటపడుతుంది. రెండు భాగాల మధ్య తీగ లేదు, పిన్ను లేదు. తలని బకెట్లో ముంచి కడగవచ్చు. విరిగితే ఆ ముక్క ఒక్కటే కొనుక్కోవచ్చు.

లైటు గురించి మాకు బాగా నచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. బుడగ తనంతట తాను వెలగదు. దాని పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. ఆ పొర ముందు గోడ నుంచి కొంత వెలుగు, వెనక గోడ నుంచి కొంత వెలుగు తిరిగొచ్చి ఒకదానితో ఒకటి కలిసినప్పుడే మనకు ఆ నెమలికంఠం రంగులు కనిపిస్తాయి. తెల్లటి ఎల్ఈడీ కింద ఆ రంగులన్నీ వస్తాయి. ఎర్ర ఎల్ఈడీ ఒక్కటే వెలిగిస్తే రంగులు పోయి, ఎరుపు నలుపు చారలు అడ్డంగా పడతాయి. నీళ్ళు కిందికి జారి పొర పలచబడుతున్న కొద్దీ ఆ చారలూ కిందికి జారతాయి. చివరికి బుడగ నడినెత్తిన నల్లటి మచ్చ కనిపించిందంటే ఇక అది పగలబోతోందని అర్థం. బజారు బొమ్మల్లో లైట్లు వాటి ఇష్టమొచ్చినట్టు చకచకా మారిపోతుంటాయి, పిల్లలకు ఇదేదీ చూసే వీలుండదు. మేము ఒక బటన్‌తో తెలుపు, ఇంకో బటన్‌తో ఎరుపు, ఎంతసేపు కావాలంటే అంతసేపు నిలిచేలా పెట్టాం. ఐదో క్లాసు పిల్లవాడికి ఆ చారలు ఎందుకు వస్తున్నాయో ఒక టీచరు చెప్పగలిగితే ఇంకేం కావాలి?

మొదటి నమూనాకి మీట నొక్కితే ఫ్యాను తిరిగి బుడగలు వచ్చేవి. మా మనవరాలు కాసేపు ఆడి, "తాతయ్యా, ఇవి నేను ఊదినవి కాదు కదా" అని పక్కన పెట్టేసింది. ఆ మాట నాకు పట్టుకుంది. మా చిన్నప్పుడు బొప్పాయి ఆకు కాడ కోసి, కుంకుడుకాయ నురగలో ముంచి ఊదేవాళ్ళం. నేపాళం కొమ్మ తుంచి ఆ పాలతో కూడా బుడగలు చేసేవాళ్ళం. అది విషపు చెట్టు, ఇప్పుడు ఏ పిల్లలనూ అలా ఆడనివ్వకూడదు. కానీ ఆ బుడగ ఎంత పెద్దదవుతుందో, ఎప్పుడు పగులుతుందో మా ఊపిరిని బట్టే ఉండేది. గట్టిగా ఊదితే పుట్టకముందే పోతుంది. నిదానంగా ఊదాలి. ఆ నిదానం ఎవరూ చెప్పకుండానే వచ్చేది.

కాబట్టి ఊదే పని పిల్లలకే ఇచ్చాం. హ్యాండిల్ పైభాగంలో బియ్యపు గింజలు నాలుగు పట్టేంత చిన్న మైకు పెట్టాం. ఊపిరి తగిలితే మైకులో బొంగురు హోరు వస్తుంది, మాట వినిపిస్తే వేరే రకం శబ్దం వస్తుంది. ఆ తేడా పట్టుకునే చిన్న చిప్పు ఉంటే చాలు. పిల్ల నెమ్మదిగా ఊదినంతసేపూ వెలుగు నెమ్మదిగా పెరుగుతుంది. గట్టిగా ఊదితే ఆరిపోతుంది. నోరు రింగుకి తగలకుండా దూరం నుంచే ఊదాలి కాబట్టి ఒకరి ఎంగిలి ఒకరికి అంటదు. ఊదే శక్తి లేని పిల్లలుంటారు, ఉబ్బసం ఉన్నవాళ్ళు, కండరాల బలహీనత ఉన్నవాళ్ళు. వాళ్ళ కోసం హ్యాండిల్లోని ఫ్యాను అలాగే ఉంచాం. ఆ గాలిని ముందుకు పంపే తల బిగిస్తే మీట నొక్కి ఆడుకోవచ్చు. పిల్లలకు ఇంజెక్షన్ చేసేటప్పుడు దృష్టి మళ్ళించడానికి బుడగలు ఊదించే డాక్టర్లున్నారు, ఊపిరితిత్తుల వ్యాయామానికి వాడే ఫిజియోథెరపిస్టులున్నారు. తలలు మారే బొమ్మ అలాంటి వాళ్ళకీ పనికొస్తుంది.

ఇక భద్రత సంగతి. ఇక్కడ నేను కొంచెం కోపంగానే రాస్తాను. విడివిడి ముక్కలుండే ఏ బొమ్మలోనైనా మొదటి ప్రమాదం పిల్లలు వాటిని మింగడం. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించడానికి ఒక చిన్న గొట్టం ఉంటుంది, దాని వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. ఏ ముక్కయినా అందులో పూర్తిగా పట్టిందంటే ఆ బొమ్మ వాళ్ళ చేతికి ఇవ్వకూడదు. మా బొమ్మ పెద్ద పిల్లలకే. అయినా ఇంట్లో చెల్లెలో తమ్ముడో పాకుతూనే ఉంటారు కదా. అందుకే జాయింటు వ్యాసమే 40 మిల్లీమీటర్లు పెట్టాం. దాన్ని పట్టుకుని తిరిగే ఏ తలయినా 40కి తగ్గదు, కాబట్టి ఆ గొట్టంలో పట్టదు. ఉమ్మడి కొలత ఎందుకు కావాలంటున్నానో దీనికి ఇదొక కారణం. కొలతలోనే భద్రత ఉండిపోతుంది, తల తయారుచేసేవాడు మరిచిపోయినా సరే.

కొందరు జాయింటుకి చిన్న అయస్కాంతాలు పెడుతున్నారు. టక్కున అంటుకుంటే పిల్లలకు సరదాగా ఉంటుందట. బలమైన చిన్న అయస్కాంతాలు రెండు కడుపులోకి వెళితే పేగుల మడతల మధ్య ఒకదాన్నొకటి పట్టుకుని పేగుకి చిల్లు పెడతాయి. దయచేసి ఆ పని ఎవరూ చేయవద్దు. నొక్కి తిప్పే లాకు చాలు, ఖర్చు కూడా తక్కువే.

అయస్కాంతం కంటే ఎక్కువగా చూసేది బటన్ సెల్లు. లైటు వెలిగే బుడగల కర్రలు చాలావాటిలో ఇవే ఉంటాయి. మా బంధువుల పిల్లకి తీర్థంలో కొన్న కర్ర మూత గోరుతో లాగితే వచ్చేసింది. స్క్రూ లేదు, ఐఎస్ఐ మార్కు లేదు, తయారుచేసినవాడి పేరు కూడా లేదు. సెల్లు నేల మీద దొర్లాయి. అదృష్టం కొద్దీ పెద్దవాళ్ళు చూశారు. 20 మిల్లీమీటర్ల నాణెంలాంటి సెల్లు పిల్లల ఆహారనాళంలో ఇరుక్కుంటే, లోపలి తడికి కరెంటు పారి క్షారం పుడుతుంది, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలిపోవచ్చు. మింగిందని అనుమానం వచ్చినా ఆగకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. అమెరికాలో రిమోట్‌లోని బటన్ సెల్లు మింగి ఏడాదిన్నర పాప చనిపోయాక, అక్కడ 2022లో దీనికోసమే చట్టం చేశారు. మా బొమ్మలో బటన్ సెల్లు పెట్టలేదు. పెన్సిల్ సెల్లే, అవీ స్క్రూడ్రైవర్ లేకుండా రావు. హ్యాండిల్ కొంచెం లావవుతుంది. అవనీయండి.

మన దేశంలో చట్టం లేదని కాదు. 2021 జనవరి 1 నుంచి, 14 ఏళ్ళలోపు పిల్లల బొమ్మలకు ఐఎస్ఐ మార్కు తప్పనిసరి. కరెంటుతో నడిచేవాటికి ఐఎస్ 15644 ప్రమాణం ఉంది, మిగతావాటికి ఐఎస్ 9873. మార్కుతో పాటు ఉండే లైసెన్సు నంబరు నిజమో కాదో, ఆ మార్కు ఇచ్చే కేంద్ర ప్రమాణాల సంస్థ బీఐఎస్ వాళ్ళ బీఐఎస్ కేర్ యాప్‌లో, ఫోన్లోనే చూసుకోవచ్చు. దిగుమతి బొమ్మల మీద సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెంచారు. అంటే మన చిన్న యూనిట్లకు తలుపు తెరిచే ఉంది. ఆ తలుపులోంచి మంచి సరుకుతో వెళ్ళాలి.

చిన్న యూనిట్లు బుడగల బొమ్మల దగ్గర ఎందుకు తడబడతాయో మౌల్డు పనివాడిగా నాకు తెలుసు. ఏబీఎస్ ప్లాస్టిక్ చల్లారాక అర శాతం అటూఇటుగా కుంచించుకుపోతుంది. పాలీప్రొపిలీన్ అయితే ఒకటి నుంచి రెండున్నర శాతం దాకా. హ్యాండిల్ ఒకదానితో, రింగు ఇంకొకదానితో చేసి, రెండు మౌల్డులకూ ఒకే లెక్క వేస్తే బిగువు కుదరదు. 40 మిల్లీమీటర్ల జాయింటు మీద ఆ తేడా అర మిల్లీమీటరు కూడా దాటవచ్చు. తల ఊగుతుంది, లేదంటే ఇరుక్కుని రాదు, పిల్లవాడు పళ్ళతో లాగుతాడు. కాబట్టి ఉమ్మడి డ్రాయింగులో తయారైన ముక్క కొలత ఉండాలి, ఎంత తేడా వరకు పరవాలేదో ఉండాలి. ఏ ప్లాస్టిక్‌కి ఎంత వదలాలో డై మేకర్ చూసుకుంటాడు. రెండు మౌల్డు పలకలు కలిసే చోట మిగిలే పలచటి అంచు, మేము ఫ్లాష్ అంటాం, దాన్ని తప్పకుండా గీకేయాలి. ముఖానికి దగ్గరగా పెట్టుకునే వస్తువు అది.

తలల్లో ఏమేం చేయవచ్చో చెప్పడం మొదలుపెడితే నాకు ఆపబుద్ధి కాదు. నక్షత్రం ఆకారం, గుండె ఆకారం రింగులు పిల్లలు అడుగుతారు. ఏ ఆకారంలోంచి ఊదినా బుడగ గుండ్రంగానే వస్తుంది, ఎందుకంటే లోపలున్న గాలికి అతి తక్కువ పొర సరిపోయే ఆకారం గోళమే. పిల్లలు మొదట నమ్మరు, ఇంకో తల మార్చి చూస్తారు. తలలు మార్చుకోవడంలో అసలు ఆట ఇదే. చిన్న రంధ్రాల జల్లెడ తల ఒకటి, రింగు చుట్టూ సన్నటి గాడులు పెట్టిన పెద్ద తల ఒకటి ఉన్నాయి. ఆ గాడుల్లో సబ్బునీళ్ళు నిలిచి పెద్ద బుడగకి సరిపడా అందుతాయి. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఘనం ఆకారపు చట్రం. దాన్ని ముంచి తీస్తే పొరలు అంచుల నుంచి లోపలికి వెళ్ళి మధ్యలో ఒక చిన్న చదరం దగ్గర కలుస్తాయి. ఇంకోసారి కొంచెం ముంచితే మధ్యలో గాలి చిక్కుకుని, గోడలు కాస్త ఉబ్బిన చిన్న ఘనపు బుడగ నిలుస్తుంది. బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో ఇలాంటి తీగ చట్రాలతోనే సబ్బు పొరల నియమాలు కనిపెట్టి 1873లో ప్రచురించారు. అప్పటికి ఆయనకు చూపు పోయి చాలా ఏళ్ళయింది. మిగతావాళ్ళు చూసి చెబితే ఆయన ఆలోచించేవారు. ఈ చట్రం కింద అక్రిలిక్ కడ్డీ నుంచి వెలుగు పడితే చీకట్లో ఆ పొరలన్నీ ఒక్కొక్కటీ కనిపిస్తాయి.

నీళ్ళ గురించి తల్లిదండ్రులకు ఒక మాట. బోరు నీళ్ళతో బుడగలు సరిగా రావు, అందులోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుని విరిచేస్తాయి. ఇంట్లో ఫిల్టరు నీళ్ళు వాడండి. కొంచెం గ్లిజరిన్ వేస్తే పొర త్వరగా ఆరిపోదు. గోరుచిక్కుడు గింజల పొడి, గ్వార్ గమ్ అంటారు, చిటికెడు కలిపితే పొర సాగుతుంది. పెద్ద బుడగల మీద అమెరికాలోని ఎమొరీ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు 2020లో ప్రచురించిన పరిశోధనలో కూడా ఇలాంటి పొడవాటి అణువులే పొరకి బలమని తేలింది. ఆ పంటలో ప్రపంచంలో మన దేశానిదే మొదటి స్థానం, రాజస్థాన్‌లో ఎక్కువ. కలిపిన నీళ్ళు ఎక్కువ రోజులు దాచకండి, క్రిములు చేరతాయి. క్రిములున్నాయని యూరప్‌లో దుకాణాల నుంచి బుడగల సీసాలు వెనక్కి తీసుకున్న సందర్భాలు చాలా ఉన్నాయి. టైల్స్ మీద ఆడనివ్వకండి, పెద్దవాళ్ళు జారిపడతారు.

మా వైపు వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అంకుడు కర్ర, లక్క, చెట్ల నుంచి తీసిన రంగులు. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం వాటిదే. ఉమ్మడి జాయింటు ఉంటే అక్కడి కళాకారులు ఈ బొమ్మకి పిడి చేయవచ్చు, బల్ల మీద నిలబెట్టే పీట చేయవచ్చు. రింగు మాత్రం వాళ్ళ చేత చేయించకూడదు, లక్క సబ్బులోని క్షారానికి నిలవదు, పూత కరిగి నీళ్ళలో కలుస్తుంది. పని తెలిసిన చేతులకు సరైన చోటు ఇవ్వాలి గానీ, ఏదో ఒకటి చేయించి వాళ్ళ పేరు పాడుచేయకూడదు. పిడి వాళ్ళది, తల బాలానగర్‌ది, లోపలి సర్క్యూట్ ఏ పాలిటెక్నిక్ పిల్లలదో కావచ్చు. హోల్డర్ కొలత ఒకటే అయితే వీళ్ళు ఒకరినొకరు ఎరగకపోయినా వాళ్ళ ముక్కలు కలుస్తాయి.

ఇందుకు బీఐఎస్ చేయాల్సింది పెద్ద పని కాదు. ఇలాంటి జాయింటుకి ఒక డ్రాయింగు ఖరారు చేసి, ఇష్టమున్నవాళ్ళు వాడుకునే ప్రమాణంగా ప్రకటించాలి. తలల్లో కరెంటు లేదు కాబట్టి విద్యుత్ బొమ్మల పరీక్షలు హ్యాండిల్‌కి మాత్రమే పెట్టి, తలలకు మామూలు బొమ్మల పరీక్షలు సరిపోతాయని చెప్పాలి. అప్పుడు కొత్త తల చేయాలనుకునే చిన్న యూనిట్ మొత్తం బొమ్మ పరీక్షల ఖర్చు మోయనక్కరలేదు. రెండు రాష్ట్రాల పరిశ్రమల శాఖలు ఈ విషయం ఢిల్లీకి రాస్తే ఒక్కరు అడిగినదానికంటే బరువుంటుంది. ఎగ్జిబిషన్లు, తీర్థాలు, జాతరలు నడిపేవాళ్ళు స్టాల్ ఇచ్చేటప్పుడే ఐఎస్ఐ మార్కు లేని లైట్ల బొమ్మలు అమ్మకూడదని రాయించుకోవాలి.

మా జాయింటు డ్రాయింగు, కొలతలు, తేడాల పట్టికతో సహా, అడిగినవాళ్ళకి ఉచితంగా ఇస్తాం. పేటెంటు వేయం. పోటీదారుడు అయినా సరే. ఇంతకంటే మంచి కొలత ఎవరి దగ్గరైనా ఉంటే మాది పక్కన పెట్టి అదే వాడతాం. కావాలనుకున్నవాళ్ళు మీ కార్యాలయానికి రాస్తే, ఆ ఉత్తరాలు దయచేసి నాకు చేర్చండి.

ఇట్లు,
ఒక డై మేకర్,
బాలానగర్, హైదరాబాద్